కలుపు మొక్కల రసములు – కూరగాయ పైరుల పెరుగుదల



గత రెండు మూడు సంవత్సరములుగా నేను ఏ పల్లెకు వెళ్ళినను ఒక ప్రశ్న తప్పక ఎదురగుచున్నది. కళ్యాణదుర్గము ప్రక్కన ఒక టమాటా తోటలో పెద్దాయన ఒకరు గట్టు మీది వయ్యారిభామను చూపి, "సారూ, దీని రసం పిండి కొడితే చెట్టు ఏపుగా వస్తుందంట గదా! ఊరకే పెరిగేదే గదా, ఖర్చేముంది?" అని అడిగినారు. ఆ దినము నేను నిలువుకాళ్ళ మీద చెప్పిన జవాబు ఆయనకు తృప్తి కలిగించలేదు, నాకును కలుగలేదు. ఈ వ్యాసము ఆయనకును, ఆయన వలె ఆలోచించు మీ అందరికిని సావకాశముగా వ్రాయుచున్న జవాబు.

ఆయన అడిగిన దానిలో తప్పేమియు లేదు. ఉమ్మడి అనంతపురము జిల్లాలో సగటు వర్షము సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్లు. అదియు వేళకు రాదు. నేలలు ఎక్కువగా ఎర్రనివి, మన్ను పలుచన, సేంద్రియ పదార్థము తక్కువ. బోరులో వచ్చు రెండంగుళముల నీటిని నమ్ముకొని అర ఎకరమో, ఎకరమో కూరగాయలు వేయు రైతు, ఒక వారము కక్కలపల్లి మార్కెట్టులో టమాటా ధర చూచి మురియును. మరొక వారము కోత కూలి కూడ గిట్టక కాయలను చేనిలోనే వదలుకొనును. అట్టివానికి ఖర్చు లేని సాధనము ఏది కనబడినను ఆశ పుట్టుట సహజము. కాని ఖర్చు లేనిది అనునదే ఇక్కడ జాగ్రత్తగా చూడవలసిన మాట. నారు చెడిపోయినచో ఖర్చు గింజల ధరతో తీరదు. ఇరువది అయిదు దినముల బోరు నీరు, నారు పోసిన అదను రెండును పోవును.

ఒకే పదార్థము, రెండు గుణములు

మొక్క పెరుగుటకు నత్రజని, భాస్వరము, పొటాషు వంటి ఆహారము ఎట్లు కావలెనో, ఆ పెరుగుదలను నడపించుటకు అతి స్వల్ప మాత్రలో కొన్ని పదార్థములు మొక్కలోనే తయారగుచుండును. వీటిని హార్మోనులు అందురు. 1926లో కురొసావా అను జపాను శాస్త్రజ్ఞుడు, వరి పైరు పీలగా, పొడవుగా సాగి చివరకు గింజ లేకుండ పోవు ఒక తెగులును పరిశీలించి, ఆ బూజు విడుచు పదార్థమే పైరును అట్లు సాగదీయుచున్నదని కనుగొనెను. అదియే జిబ్బరెల్లిను. 1928 నాటికి హాలెండు దేశమున వెంటు అను ఆయన ఓట్సు మొలకల కొనల నుండి ఆక్సిను అను మరియొక దానిని పట్టి చూపెను. వేళ్ళు పుట్టించునది, పూత కాయ రాలకుండ నిలుపునది ఆక్సినులే. కణములను విభజించి, ఆకును పచ్చగా నిలుపు సైటోకైనినులు 1955 తరువాత తెలియవచ్చినవి. వానిలో జియాటిను అనునది 1963లో మొక్కజొన్న గింజల నుండి వేరు చేయబడినది.

ఇవి పనిచేయు మాత్ర ఎంత స్వల్పమో మీకు తెలిసిన ఉదాహరణముతోనే చెప్పెదను. మిరపలో పూత రాలుటను అరికట్టుటకు నాఫ్తలీన్ ఎసిటిక్ ఆమ్లము చల్లుచున్నారు గదా. అందులో అసలు మందు లీటరు నీటికి 10 మిల్లీగ్రాములు మాత్రమే. అనగా ఒక గ్రాము మందు 100 లీటర్ల నీటికి సరిపోవును.

ఇంకొక ఉదాహరణము దీనికంటెను ముఖ్యమైనది. వరిలోను మొక్కజొన్నలోను వెడల్పాకు కలుపును చంపుటకు 2,4-డి అను మందును ఎకరమునకు సుమారు అర కిలో, 200 లీటర్ల నీటిలో కలిపి చల్లుదురు. ఆ మందునే పది లక్షల భాగముల నీటికి రెండు భాగముల చొప్పున, అనగా కలుపు మందు మోతాదులో సుమారు వేయవ వంతున, టమాటాలో కాయ నిలుచుటకు పరీక్షలలో వాడియున్నారు. చంపునదియు అదే, కాయ నిలుపునదియు అదే. ఈ మాట చదివి ఎవరును టమాటాకు 2,4-డి కొట్టరాదు. కొలత ఏమాత్రము తప్పినను, ప్రక్క చేనిలో కొట్టిన మందు గాలికి ఎగిరి వచ్చినను టమాటా ఆకులు ముడుచుకొని, తోట తోటయే పాడగును. కలుపు రసముల కథ అంతయు ఈ కొలతలోనే యున్నదని తెలియుటకు మాత్రమే దీనిని చెప్పితిని.

ఒక మొక్క విడుచు పదార్థము ప్రక్క మొక్కను అణచివేయుట మీరు ఎరుగని సంగతి కాదు. సర్కారు తుమ్మ క్రింద చెనిక్కాయ చెట్టు ఎదుగదు. నీడ, నీటి పోటీలతో పాటు ఆకు రాలి కుళ్ళుటవలన నేలలో చేరు పదార్థములును అందుకు కారణము. జొన్న కోసిన చేనిలో వెంటనే వేసిన పైరు గిడసబారుననియు పెద్దలు చెప్పుదురు. జొన్న వేళ్ళ నుండి స్రవించు సార్గోలియోను అను పదార్థము చిన్న మొలకలను అణచునని నేడు తెలిసినది. ఇట్టి ప్రభావమునకు 1937లో ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు మోలిష్ అల్లెలోపతి అని పేరు పెట్టెను. ఆ పేరులో ఆయన చెరుపు ఒక్కటే గాక మేలును గూడ చేర్చెను. చిక్కని రసము వేరును కాల్చును. అదే రసము ఎన్నో రెట్లు పలుచనైనప్పుడు కొన్ని మొక్కలలో వేరు సాగుటకు తోడ్పడును. ఇంకను పలుచనైనచో ఏ గుణమును ఉండదు, వట్టి నీరే. మేలు చేయు మెట్టు ఈ రెంటి నడుమ ఇరుకుగా నుండును. అది మొక్క మొక్కకు, ఋతువు ఋతువుకు, నీటి నీటికి మారును. ఎండకు గురియైన వయ్యారిభామలోని చేదు, వాన తరువాత మొలచిన లేత మొక్కలోని చేదు ఒకటి కావు. కావున కిలో ఆకుకు ఇన్ని లీటర్లు అని ఎక్కడనో ఎవరో చెప్పిన లెక్క మీ తోటకు అట్లే సరిపోవునని తలచరాదు.

మరొక సంగతి. 1977లో అమెరికాలో రీస్ అను ఆయన, ముక్కలు చేసిన లూసర్ను గడ్డిని టమాటా, దోస, లెట్యూసు గింజల ప్రక్కన నేలలో వేసినప్పుడు, గడ్డిలోని నత్రజనితో చెప్పరానంత ఎక్కువ దిగుబడి వచ్చుట గమనించి, అందుకు ట్రైకాంటనాల్ అను మైనపు పదార్థము కారణమని ప్రకటించెను. నేడు అది మందుగా అమ్ముడుపోవుచున్నది. కాని తరువాత అనేకచోట్ల చేసిన పరీక్షలలో ఒకచోట ఫలితము కనబడినది, ఇంకొకచోట కనబడలేదు. చక్కని పరిశోధనశాలలో పుట్టిన మందే పొలమునకు వచ్చుసరికి ఇంత నిలకడలేనిదైనప్పుడు, రోటిలో దంచిన రసమును గూర్చి మనము ఎంత జాగ్రత్త పడవలెనో మీరే ఊహించుకొనుడు.

నేను చేసిన పొరపాటు

అధ్యాపకుడనుగా చేరిన తొలి సంవత్సరములలో నాకును ఈ రసములపై మోజు యుండెను. ఒక వేసవిలో టమాటా నారు ట్రేలలో పెంచుచు, పూత మీద నున్న వయ్యారిభామను కోయించి, రోటిలో దంచించి, ఒక పాలు ఆకుకు అయిదు పాళ్ళ నీరు కలిపి, ఒక రాత్రి నానబెట్టి, మరునాడు ప్రొద్దుననే నారుపై చల్లించితిని. ముందుగా గింజల మీద పరీక్షింపలేదు. పుస్తకములో అట్టి కొలత ఎక్కడనో చూచినట్లు జ్ఞాపకము, అంతే. మరునాటి సాయంత్రమునకు లేత ఆకుల అంచులు మాడినవి. నాలుగు దినములు గడచిన తరువాత మొక్కను పెరికి చూడగా వేరు కొనలు గోధుమ రంగుకు తిరిగియుండెను. నారు చాలావరకు పోయినది. ప్రక్కన ఒక ట్రేకైనను వట్టి నీరు చల్లి యుంచలేదు గనుక, చెడుటకు కారణము రసమా, ఆ వారపు వడగాలియా అని రుజువు చేయుటకును వీలు లేకపోయినది.

అంతకంటె నన్ను బాధించినది వేరొకటి. ఆకు దంచిన అమ్మకు మూడవనాటికి మోచేతుల వరకు దద్దురులు వచ్చి, దురద నిద్రపోనీయలేదు. వయ్యారిభామలోని పార్థెనిను అను పదార్థము చర్మమునకు పడదని నాకు తెలిసియుండియు ఆమెకు చేతి తొడుగులు ఇయ్యలేదు. రెండు వారములు ఆమె కూలి పోయినది. ఈ వ్యాసములో నేను చెప్పు జాగ్రత్తలలో సగము ఆనాటి పాఠములే.

వయ్యారిభామ విషయములో నా సలహా

ఈ మొక్క మన దేశమున 1955 ప్రాంతమున పుణెలో మొదట గుర్తింపబడి, తరువాత దేశమంతయు వ్యాపించినది. దీనిని మేయు మెక్సికో పెంకు పురుగును 1984లో బెంగుళూరు ప్రాంతమున విడిచిపెట్టిరి. వానకాలములో ఆకులను జల్లెడ చేయుచు తెల్లని చారల చిన్న పెంకు పురుగు మీకు కనబడినచో దానిని చంపకుడు.

అనంతపురము రైతు ఈ మొక్కను గూర్చి మరువరాని సంవత్సరము 2000. ఆ ఖరీఫులో వేరుశెనగకు కాండము కుళ్ళు వైరస్ తెగులు సోకి, జిల్లాలో సుమారు 2 లక్షల 25 వేల హెక్టార్లలో పైరు దెబ్బతిన్నది. నష్టము 300 కోట్ల రూపాయలకు పైబడెనని అంచనా. ఆ తెగులుకు కారణము టొబాకో స్ట్రీక్ వైరస్. వయ్యారిభామ ఆ వైరస్‌ను ఏ రోగచిహ్నమును పైకి చూపకుండ తనలో దాచుకొనును. దాని పుప్పొడిలో వైరస్ యుండును. తామర పురుగులు పువ్వులలో తిరిగి ఆ పుప్పొడిని ఒంటికి అంటించుకొని ప్రక్క పైరుపై వాలి, ఆకును గీకినప్పుడు ఆ గాయము గుండ వైరస్ లోపలికి పోవును. ప్రొద్దుతిరుగుడుకును, బెండకును గూడ ఈ వైరస్ సోకును.

ఇది తెలిసిన తరువాత పూత మీద నున్న వయ్యారిభామను మోపులుగా కోసి, కూరగాయల తోట ప్రక్కకు మోసుకొని వచ్చి, అక్కడ దంచుట ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. రసము వలన కలుగు లాభము సంగతి ఎట్లున్నను, పుప్పొడిని మనమే తోటకు తెచ్చి పోసినట్లగును.

కావున వయ్యారిభామ రసమును కూరగాయల మీద చల్లమని నేను చెప్పను. ఆకుకూరల మీద అసలే వలదు. ఆ ఆకు మేసిన పశువు పాలే చేదెక్కునప్పుడు, మనము తిను ఆకుపై ఆ రసము చల్లుట తెలివి కాదు. పూతకు రాకముందు, మొక్క మోకాలెత్తు లోపుననే యున్నప్పుడు తొడుగులు వేసుకొని పెరికి, పేడతో పొరలు పొరలుగా గుంటలో వేసి కంపోస్టు చేయుడు. బాగుగా కుళ్ళినచో విషపు గుణము విరిగిపోవును, పోషకములు నేలకు దక్కును. మన ఎర్ర నేలలకు ఆ ఎరువు చేయు మేలు ఏ రసమును చేయజాలదు.

ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడుల విషయమును అంతే. 2016 నుండి మన రాష్ట్రమున సాగుచున్న ప్రకృతి వ్యవసాయములో వాడు దశపర్ణి వంటి కషాయములలో వీనిలో కొన్ని యుండును. అవి పురుగులకై ఉద్దేశించినవి, వాని కొలత వేరు, పని వేరు. పురుగు కషాయమును పెరుగుదల మందుగా నారుకు పోయరాదు.

తుంగగడ్డలు – దొండ కొమ్మలు

పొలములో మనలను ఏడిపించు తుంగకు ఒక చిన్న ఉపకార గుణము గలదు. దాని గడ్డల కొనలు ఎల్లప్పుడును మొలకెత్తుటకు సిద్ధముగా నుండును గనుక వానిలో ఆక్సినులును, వేరు పుట్టుటపై ప్రభావము చూపు ఫినాలు జాతి పదార్థములును కలవు. బ్రెజిల్ దేశమున తోటమాలులు తుంగగడ్డల రసములో కొమ్మల మొదళ్ళను ముంచి నాటుట వాడుక. అక్కడి పరీక్షలలోను కొన్నింట లాభము కనబడినది, కొన్నింట కనబడలేదు. అయినను కొమ్మలతో పెంచు దొండ వంటి పాదులలో దీనిని పరీక్షించుటకు నష్టము స్వల్పము. కొమ్మ పోయినచో ఇంకొక కొమ్మ కోసికొందుము.

వంద గ్రాముల పచ్చి గడ్డలను కడిగి, రోటిలో మెత్తగా దంచి, ఒక లీటరు నీటిలో ఒక రాత్రి నానబెట్టి, గుడ్డతో వడగట్టవలెను. మూడు నాలుగు కణుపులు గల, పెన్సిలు లావు దొండ కొమ్మలను అరువది తీసికొనుడు. ఇరువదింటి మొదళ్ళను ఈ రసములో గంటసేపు, ఇరువదింటిని ఒకటికి తొమ్మిది పాళ్ళ నీరు కలిపిన రసములో, తక్కిన ఇరువదింటిని వట్టి నీటిలో నుంచి, సంచులలో నాటుడు. గుర్తుగా రంగు దారము కట్టుడు. ఇరువది అయిదు దినములకు సంచులు విప్పి, ఎన్ని కొమ్మలకు వేరు పట్టినదో, ఎన్నేసి వేళ్ళు వచ్చినవో లెక్కింపుడు. కొమ్మ పచ్చగా నుండుట వేరు పట్టినదనుటకు సాక్ష్యము కాదు. దొండ కొమ్మ తనలోని నీటితోనే చాల దినములు పచ్చగా నిలుచును.

పిండిన పిప్పిని ఎట్టి పరిస్థితిలోను చేనిలో గాని పెంటలో గాని వేయరాదు. నలగని గడ్డ ఒక్కటి మిగిలినను అది నూరగును. బండ మీద గలగలలాడునట్లు ఎండబెట్టి కాల్చివేయుడు.

మునగాకు కలుపు కాదు గాని, రసముల మాట వచ్చినప్పుడు దానిని విడువరాదు. మునగ చిగురాకులో జియాటిను కలదు. ఈ రసమును పైరులపై చల్లు పద్ధతిని మొదట నికరాగువా దేశమున విరివిగా పరీక్షించిరి. లేత ఆకును కిలోకు 100 మిల్లీలీటర్ల నీరు చిలకరించి రుబ్బి, గట్టిగా పిండి, వడగట్టి, ఒక లీటరు రసమునకు 30 లీటర్ల నీరు కలుపుదురు. 15 లీటర్ల పంపుకు అర లీటరు. ఇది మనము ఇంటిలో తిను ఆకు గనుక భయము లేదు. మీరు ఏ కలుపు రసమును పరీక్షించినను దాని ప్రక్కన మునగ రసమును ఒక వరుసకు చల్లి పోల్చుడు. మునగ కంటె మేలు చేయని కలుపు రసమునకై చేతులు దురద పెట్టుకొనుట ఎందులకు?

గరిక, గలిజేరు, గడ్డి చేమంతి, గునుగు వంటి వానిపై మీకు ఆసక్తి యున్నచో క్రింద చెప్పు పళ్ళెముల పరీక్షతో మొదలుపెట్టుడు.

పళ్ళెముల పరీక్ష

ఇందుకు పది చిన్న పళ్ళెములు, పాత నూలు గుడ్డ, ఒక స్కేలు, 250 గింజలు చాలును. టమాటా గింజలు గ్రాముకు సుమారు 300 తూగును గనుక ఒక గ్రాము కంటె తక్కువే ఖర్చగును. మీరు నారు పోయబోవు రకము గింజలనే తీసికొనవలెను. ఒక రకము ఓర్చుకొన్నదానిని ఇంకొక రకము ఓర్వదు. కంపెనీ గింజలకు రంగు మందు పట్టించి యుండును. దానిని రెండు మూడు నీళ్ళతో కడిగి ఆరబెట్టుడు.

ఆకును పూత రాకముందు, ఉదయమున కోయుడు. లేత కొనలు మంచివి. వంద గ్రాముల ఆకును దంచి ఒక లీటరు నీటిలో నీడన ఒక రాత్రి నానబెట్టి వడగట్టుడు. ఉడికింపరాదు. ఎండకును వేడికిని పెరుగుదల పదార్థములు కొన్ని విరిగిపోవును. దీనిని మూల రసము అందము. మన బోరు నీళ్ళలో ఉప్పు చాలచోట్ల ఎక్కువ గనుక, నానబెట్టుటకును, పలుచన చేయుటకును, పోల్చుటకును ఒకే బోరు నీరు వాడవలెను.

ఇప్పుడు అయిదు విధములుగా సిద్ధము చేయుడు. మొదటిది వట్టి నీరు. రెండవది మూల రసము అట్లే. మూడవది ఒక పాలు రసమునకు 9 పాళ్ళ నీరు, నాలుగవది 24 పాళ్ళ నీరు, అయిదవది 99 పాళ్ళ నీరు. ఒక్కొక్క దానికి రెండేసి పళ్ళెములు. గుడ్డను తడిపి పరచి, 25 గింజలను ఎడముగా పెట్టి, పైన ఇంకొక తడిగుడ్డ కప్పి, ఇంటిలో నీడన ఉంచుడు. గుడ్డ ఆరినప్పుడు అన్నింటికి వట్టి నీరే చిలకరింపుడు. టమాటాకు ఎనిమిదవ దినమున, వంగకు పదవ దినమున, మిరపకు పండ్రెండవ దినమున లెక్క చూడుడు.

మొలచిన గింజల సంఖ్య కంటె వేరు పొడవు ఎక్కువ నిజము చెప్పును. రసము వలన చెరుపు గలిగినచో అది మొదట వేరుకే తగులును. ప్రతి పళ్ళెము నుండి పది మొలకలను తీసి, వేరును స్కేలుతో కొలచి సగటు కట్టుడు. వేరు కొన తెల్లగా యున్నదా, గోధుమ రంగు తిరిగినదా చూచి వ్రాసికొనుడు.

ఇక్కడ చాలమంది పొరబడుదురు. నీటి పళ్ళెములో 25 గింజలకు 20, ఒకటికి తొమ్మిది పాళ్ళ పళ్ళెములో 22 మొలచినవి అనుకొందము. రసము పనిచేసినదని పొంగిపోరాదు. రెండు పళ్ళెములలోను వట్టి నీరే పోసినను రెండు మూడు గింజల తేడా తరచుగా వచ్చును. అందుకే రెండేసి పళ్ళెములు పెట్టుమంటిని. ఒకే కొలత గల రెండు పళ్ళెములును నీటి పళ్ళెములు రెంటి కంటె స్పష్టముగా మించినప్పుడే, అదియు మరల ఇంకొకసారి చేసినప్పుడు అట్లే వచ్చినప్పుడే నమ్ముడు. చాల రసములు ఈ పరీక్షలోనే రాలిపోవును. అట్లు రాలిపోవుట గూడ మీకు లాభమే.

మరియొక మోసము కలదు. గింజలను రసములో నానబెట్టి నీడన ఆరబెట్టి విత్తినచో త్వరగా మొలచుట చూచి రసమును మెచ్చుకొందురు. గింజలను వట్టి నీటిలో నానబెట్టి ఆరబెట్టి విత్తినను మొలక త్వరపడును. కావున నానబెట్టిన గింజను నానబెట్టని గింజతో పోల్చరాదు. నీటిలో నానినదానితో పోల్చవలెను.

నారు మీద, తోటలో

పళ్ళెములో గెలిచిన కొలతను నారు మీద పరీక్షించునప్పుడు 98 గుంతల ట్రేలు ఆరు తీసికొనుడు. రెంటికి రసము, రెంటికి వట్టి నీరు, రెంటికి లీటరుకు 5 గ్రాముల యూరియా కలిపిన నీరు చల్లుడు. యూరియా ఎందుకని అడుగుదురు. కలుపు రసములో, ముఖ్యముగా కొన్ని దినములు పులిసిన రసములో, నత్రజనియు పొటాషును కొంత కరిగియుండును. దానివలన ఆకు పచ్చబడినచో అది ఎరువు పని, హార్మోను పని కాదు. యూరియా ట్రేయు అట్లే పచ్చబడినచో మీకు కావలసినది రసము కాదని తేలును. నాటునాటికి ఒక్కొక్క ట్రే నుండి ఇరువది మొక్కలు పెరికి, కాండము లావును, వేరు కుచ్చును చూడుడు. ఎత్తును చూచి మురియకుడు. పొడవుగా సాగిన పీల నారు మన గాలికి నిలువదు.

తోటలో వరుస విడిచి వరుసకు చల్లి, కోతనాడు వరుసల వారీగా తూకము వేయవలెను. చల్లుట సాయంత్రము నాలుగు గంటల తరువాత. రసము ఆ దినమున పిండినదే కావలెను. డ్రిప్పు గొట్టములలోనికి వదలకుడు, పిప్పి చేరి రంధ్రములు మూసికొనిపోవును. అన్నింటికంటె ముఖ్యము, కలుపు మందు కొట్టిన పంపును దీనికి వాడరాదు. 2,4-డి కొట్టిన పంపును ఎంత కడిగినను మిగులు చుక్కలు టమాటాను ముడిచివేయును. అట్టి తోటలు చూచి, రైతు రసమును నిందించుట నేను విన్నాను.

వేసవిలో రాత్రి వేడి 21 డిగ్రీలు దాటినప్పుడు టమాటాలో కాయ నిలుచుట తగ్గును. నీరందక వాడిన మొక్కకు పూత రాలును. ఈ రెంటికిని కలుపు రసము మందు కాదు. నీడ వల, చెత్త కప్పు, నాటు అదను మార్చుట, వీనివలన వచ్చునంత మేలు రసముల వలన రాదు.

సీసాలలో అమ్ము రసములను గూర్చి ఒక మాట. మొక్కల రసములు, సముద్రపు నాచు రసములు మొదలగు జీవ ఉత్ప్రేరకములను 2021లో ప్రభుత్వము 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు క్రిందికి తెచ్చినది. కొనునప్పుడు సీసా మీద ఆ ఉత్తర్వు ప్రకారము వివరములున్నవో లేవో చూచి, బిల్లు తీసికొనుడు. బిల్లు ఇయ్యనివాని వద్ద కొనకుడు. సందేహము కలిగినచో మీ ఊరి రైతు సేవా కేంద్రములో గాని, రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రములో గాని సీసా చూపి అడుగుడు. మీ పళ్ళెముల లెక్కల కాగితము గూడ వెంట తీసికొని వెళ్ళుడు. ఏ కలుపు, ఏ నెలలో కోసినది, ఏ బోరు నీరు, ఎన్ని పాళ్ళు, వేరు ఎంత పొడవు అని వ్రాసిన కాగితము చూపినచో అక్కడివారు మీకు త్వరగా సహాయము చేయగలరు.

పరీక్ష ముగిసిన గింజలను, మొలకలను కోళ్ళకు వేయరాదు. ఎంత కడిగినను కంపెనీ రంగు మందు వానిపై కొంత మిగిలియుండును. ఇంటికి దూరముగా గుంట తీసి పూడ్చి, పళ్ళెములను సబ్బుతో కడిగి, పరీక్షలకే వేరుగా ఉంచుకొనుడు.